కోటమ్మ వదిన టీవీలోకొచ్చిన రోజు

మా దోసలంకలో తెలివి అనే మాట వస్తే ముందు మా ఇల్లే గుర్తొస్తుంది అందరికీ. గుర్తొచ్చి ఎందుకు నవ్వుతారో మాత్రం నాకు ఇంతవరకూ అంతుబట్టలేదు. కుళ్ళుబోతుతనం అయ్యుంటుందని మా పానకాలన్నయ్య అంటాడు. ఆయన పెద్దవాడు, ఆయనకు అన్నీ తెలుసు. ఆయనకు తెలిసినవన్నీ నాకూ తెలుసు. ఇద్దరి తెలివీ కలిపితే ఎంతవుతుందో మీరే ఊహించుకోండి.

ఇంట్లో ఉండేది నలుగురం. అన్నయ్య, కోటమ్మ వదిన, నేను, మా ఆవిడ సామ్రాజ్యం. మాకు ఒక పద్ధతి ఉంది. అది మా తాత పెట్టింది. ఎవరైనా మాకో పని వివరించి చెబితే ఆ మాటలన్నీ ఒకే బుర్రలో కుక్కం. తలా ఒక మాట పంచుకుంటాం. ఎవరి మాట వాళ్ళు చచ్చినా మర్చిపోరు, పక్కవాళ్ళ మాట జోలికి చచ్చినా పోరు. ఆ మధ్య పులిహోర చేసినప్పుడు చింతపండు మాట నాది, ఉప్పు మాట వదినది, తాలింపు మాట అన్నయ్యది, అన్నం మాట సామ్రాజ్యానిది. ఆ రోజు సామ్రాజ్యం పుట్టింట్లో ఉంది. ఇంకేముంది, అన్నం లేకుండానే తిన్నాం. కాస్త పుల్లగా ఉంది కానీ పద్ధతి మాత్రం తప్పలేదు.

సరే, అసలు సంగతికొస్తాను. మా కోటమ్మ వదిన పెంటదిబ్బ మీద గుమ్మడిపాదు పెడితే ఒక్కో కాయ ఇంత లావున కాసింది. ఎలా తెలిసిందో ఏమో, టీవీ వాళ్ళు జీపు వేసుకుని వచ్చారు. వదినను పాదు పక్కన నిలబెట్టి, గింజ ఎప్పుడు పెట్టావు, నీళ్ళు ఎలా పోశావు అని అడిగారు. వదిన తడుముకోకుండా గడగడా చెప్పింది. శనివారం సాయంత్రం రైతుల కార్యక్రమంలో వేస్తాం, చూసుకోమ్మా అని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ రోజునుంచి వదినకు కూర్చున్నా నుంచున్నా అదే ధ్యాస. ఎందుకంటే ఆమె తన మొహం తాను సరిగ్గా చూసుకుని ఎరగదు. బొట్టు పెట్టుకునే అద్దం రూపాయి బిళ్ళంత ఉంటుంది, అందులో బొట్టు తప్ప ఇంకేం పట్టదు. పోనీ పెళ్ళిఫొటో ఉందా అంటే, ఆ ఫొటోలాయన తల కొంచెం దించుకోమ్మా అన్నాడు. వదిన దించుకుంది. మళ్ళీ ఎత్తమని అతను చెప్పలేదు. అంతే, ఫొటోలో అన్నయ్య నిండుగా పడ్డాడు, వదినది పాపిడి ఒక్కటే పడింది.

"ఇన్నేళ్ళుగా మాట్లాడతానే ఉన్నాను గదయ్యా. మాట్లాడేటప్పుడు నా మొహం ఎట్టా ఉంటదో ఊరంతా చూశారు, నేనే చూళ్ళేదు. ఒక్కసారి చూసుకోవాలని ఉంది," అంది వదిన, అన్నయ్యకు అన్నం వడ్డిస్తూ.

వదిన ఎప్పుడూ ఏదీ అడగదు. అందుకని అన్నయ్య ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. నాకూ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. తర్వాత చూస్తే అది పచ్చిమిరపకాయే, కానీ బాధ మాత్రం నిజం.

ఎదురింటి నాగరత్నానికి ఈ సంగతి తెలిసి మూతి తిప్పింది. వాళ్ళు అందర్నీ తీస్తారమ్మా, అందర్నీ వేస్తారా ఏమిటి అంది. వాళ్ళ చుట్టాలావిణ్ణి కూడా ఇలాగే తీసి, ఆవిణ్ణి మానేసి ఆవిడ గేదెను వేశారట. దాంతో అన్నయ్యకు పౌరుషం వచ్చింది. అప్పటికి మా ఇంట్లో టీవీ లేదు. మన ఆడమనిషి పరాయివాళ్ళ ఇంట్లో, పరాయివాళ్ళ టీవీలో కనపడటం మర్యాద కాదు, మన మనిషి మన టీవీలోనే కనపడాలి అన్నాడు. అంత లోతుగా ఆలోచించడం ఊళ్ళో ఇంకెవరివల్లా కాదు.

సోమేశ్వరం మాస్టారు గోడకు తగిలించే కొత్త టీవీ కొనుక్కుని, పాతది అటకెక్కించారు. పాతదంటే వెనక ఇంత మూపురం ఉన్న టీవీ. శనివారం పొద్దున్నే నలుగురం వెళ్ళి అడిగాం. ఆయన సంతోషంగా తీసుకుపొమ్మన్నారు. వైరు కూడా ఆయనే బిగించి, దాని చివర చేపముల్లులాంటి ఏంటెనా తగిలించి, గేటు దగ్గర నిలబడి ఎలా పెట్టుకోవాలో ఓపిగ్గా చెప్పారు.

లోపలంతా గాజు, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకెళ్ళండి అన్నారు. ఆ మాట అన్నయ్య తీసుకున్నాడు. ఏంటెనా డాబా మీద బెజవాడ వైపు తిరిగి ఉండాలి, బొమ్మ వచ్చాక కదలకూడదు అన్నారు. అది వదినకు వెళ్ళింది. పాతది కదా, షాకు కొట్టినా కొడుతుంది, దానిమీద చెయ్యి వేసేముందు ప్లగ్గు తీసెయ్యండి అన్నారు. అది సామ్రాజ్యం కొంగున ముడేసుకుంది. మరీ మొరాయిస్తే నెత్తిమీద ఒక్కటి వెయ్యండి, అదే వస్తుంది అన్నారు. అది నాకు మిగిలింది. నలుగురి బుర్రలూ నిండిపోయాయి. మేం బయల్దేరాక ఆయన వెనకనుంచి ఇంకో మాట కేకేశారు. తెర మీద చీమలు పాకినట్టు కనపడితే అది మామూలే, కంగారుపడొద్దు అని. నాకు వినపడింది. కానీ ఎక్కడ పెట్టుకోను? అందుకని వదిలేశాను.

అన్నయ్య టీవీని చంకనేసుకోబోయాడు. అది చంకలో ఇమిడే పిల్ల కాదు, బాగా ఒళ్ళు చేసిన పిల్ల. తువ్వాలు కప్పి, భుజాన వేసుకుని, వీపు తడుతూ నడిచాడు. వైరు చివర ఏంటెనా పట్టుకుని వదిన వెనకాలే నడిచింది. మధ్యలో వైరు నేలకు తగలకుండా నేను పట్టుకున్నాను. సామ్రాజ్యం ప్లగ్గును గుప్పిట్లో మూసి పట్టుకుంది. ఇప్పుడెందుకే అంటే, దారిలో ఎవరన్నా ఎక్కడన్నా పెట్టేస్తే అంది. నిజమే కదా అనిపించింది.

సగం దూరం వచ్చాక అన్నయ్య ఆగి, పిల్ల అసలు ఏడవడం లేదేమిట్రా అని దిగులుపడ్డాడు. నిద్రపోయి ఉంటుందన్నాను. అంతే, అక్కణ్ణించి ఇంటిదాకా నలుగురం మునివేళ్ళ మీద నడిచాం. ఎదురొచ్చిన నాగరత్నం అదేమిటని గట్టిగా అడగబోతే నలుగురం ఒకేసారి నోటిమీద వేలు పెట్టాం. ఆవిడ భయపడి పక్క సందులోకి తప్పుకుంది.

ఇంటికి రాగానే అన్నయ్య టీవీని ఉయ్యాల్లో పడుకోబెట్టాడు. అద్దం పైకి, మూపురం కిందికి. చంటిపిల్లను బోర్లా పడుకోబెట్టరు కదా, వెల్లకిలానే పడుకోబెడతారు. బాగానే ఉందనుకున్నాం. చూడాలంటే నలుగురం ఉయ్యాల మీదికి వంగాలి. వంగితే తలలు కొట్టుకున్నాయి. అదీగాక ఉయ్యాల ఊగుతుంటే బొమ్మలకు కళ్ళు తిరగవా అని సామ్రాజ్యం అడిగింది. మా ఆవిడ అప్పుడప్పుడూ నాకంటే బాగా ఆలోచిస్తుంది, ఆ సంగతి ఆవిడకు చెప్పను. అన్నయ్య పిల్లను లేపి, గోడవారనున్న బల్లమీద కూర్చోబెట్టాడు.

వదిన ఏంటెనా పట్టుకుని డాబా ఎక్కింది. దాన్ని గుంజకు కట్టొచ్చు కదా అని మీరు అనుకుంటారు. కట్టమని మాస్టారు అనలేదు. బెజవాడ వైపు తిరిగి ఉండాలి, కదలకూడదు అన్నారు. అందుకని వదిన దాన్ని రెండు చేతులా నిలబెట్టి పట్టుకుంది. బెజవాడ ఎటువైపా అనేది ఒక చిక్కు. అన్నయ్య చిటికెలో విప్పాడు. బెజవాడ బస్సు ఎటు పోతే అదే బెజవాడ వైపు. సరిగ్గా అప్పుడే బస్సు కదిలింది. మా ఊరి బస్సు ముందు దక్షిణంగా వెళ్ళి, రైసుమిల్లు దగ్గర పడమటికి మళ్ళి, లాకుల దగ్గర ఉత్తరానికి తిరిగి, ఆ తర్వాత కరకట్ట ఎక్కుతుంది. వదిన డాబా మీదనుంచి బస్సును చూస్తూ అది తిరిగినప్పుడల్లా ఏంటెనా తిప్పుతూ పోయింది. కరకట్ట మీద బస్సు చెడిపోయి ఆగింది. వదిన కూడా ఆగింది. మా అదృష్టమేమిటంటే ఆ బస్సు సరైన చోటే చెడిపోయింది.

ఇక కింద టీవీ పెట్టాలి. పెట్టాలంటే మీట నొక్కాలి. నొక్కాలంటే చెయ్యి వెయ్యాలి. చెయ్యి వెయ్యాలంటే ప్లగ్గు తీసెయ్యాలి. సామ్రాజ్యం ప్లగ్గు తీసింది, అన్నయ్య నొక్కాడు, ఏమీ రాలేదు. అన్నయ్య చెయ్యి తీశాడు, సామ్రాజ్యం ప్లగ్గు పెట్టింది. టీవీ గుయ్యిమంది. ఇదేదో కూస్తోందని అన్నయ్య మళ్ళీ చెయ్యి వేయబోయాడు, సామ్రాజ్యం మళ్ళీ పీకేసింది. మధ్యాహ్నందాకా ఇదే పని. అన్నం వండటం కూడా మర్చిపోయాం. చివరకు అన్నయ్యకు చేతులు నొప్పిపుట్టి వెనక కట్టుకుని కూర్చున్నాడు. ప్లగ్గు పెట్టి ఉంది, మీట నొక్కి ఉంది. ఇంకేముంది, తెర వెలిగింది.

వెలిగిందిగానీ తెరనిండా చీమలు. తెల్లవీ నల్లవీ కలిసి, లక్షల్లో, బుసబుసమంటూ పాకుతున్నాయి. మాస్టారింట్లో బెల్లం ఎక్కువ వాడతారు, అక్కణ్ణించే పట్టి ఉంటాయి అంది సామ్రాజ్యం. వెంటనే బల్ల చుట్టూ చీమలమందు గీత గీసింది. అవి ఒక్కటి కూడా తగ్గలేదు. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. నాకు తట్టడం అరుదు, అందుకే ఆగలేకపోయాను. పళ్ళెంలో పంచదార పోసి టీవీ పక్కన పెడితే లోపలివన్నీ బయటికి వస్తాయి కదా అన్నాను. అన్నయ్య నన్ను దగ్గరకు తీసుకుని వీపు తట్టాడు.

పంచదార పోశాం. కాసేపటికి చీమలు రానే వచ్చాయి. నల్లచీమలు, గండుచీమలు, గుమ్మడిపాదు దగ్గరున్న ఎర్రచీమలు. గీత దాటలేక కొన్ని గోడెక్కి అక్కణ్ణించి రాలాయి. పళ్ళెం నిండింది. తెరమీద మాత్రం ఒక్కటీ తగ్గలేదు. ఇన్ని బయటికొచ్చినా ఇంకా అన్ని ఉన్నాయంటే లోపల ఎంత పెద్ద పుట్ట ఉందోనని అన్నయ్య ఆశ్చర్యపోయాడు. ఎర్రచీమ కుట్టి సామ్రాజ్యం కెవ్వుమంది. పైనుంచి వదిన బొమ్మ వచ్చిందా అని అడిగింది. ఇంకా రాలేదు వదినా, ముందు చీమలు వచ్చాయి అని చెప్పాను.

పొద్దు వాలింది. నాగరత్నం ముందే వచ్చి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. వీధిలోవాళ్ళు నలుగురైదుగురు చేరారు. కార్యక్రమం మొదలయ్యే వేళవుతోంది. నాగరత్నం చీమలను చూసి, కోటమ్మ ఏదీ, ఈ చీమల్లో ఉందా అని నవ్వింది. అన్నయ్య మొహం చిన్నబోయింది. పైన వదిన పొద్దుటినుంచి ఎండలో నిలబడి ఉంది, మంచినీళ్ళు కూడా తాగలేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అప్పుడు గుర్తొచ్చింది, నా మాట ఇంకా వాడలేదని. మరీ మొరాయిస్తే నెత్తిమీద ఒక్కటి వెయ్యాలి. ఎవరి నెత్తిమీద అనేది మాస్టారు విడమర్చి చెప్పలేదు. టీవీ మీద వెయ్యడానికి వీల్లేదు, అది చంటిపిల్ల. ఆడవాళ్ళ మీద చెయ్యెత్తకూడదు. నా నెత్తిమీద నేనే వేసుకుంటే సరిగ్గా తగలదు. మిగిలింది అన్నయ్య. అన్నయ్యా, క్షమించు అని చెప్పి, నెత్తిమీద గట్టిగా ఒక్కటి వేశాను. అన్నయ్య తూలి వెళ్ళి టీవీకి భుజం కొట్టుకున్నాడు. అంతే, చీమలన్నీ మాయమయ్యాయి. గడ్డాలాయన ఒకాయన వరినారు గురించి మాట్లాడుతూ ప్రత్యక్షమయ్యాడు. వీధివాళ్ళు ఆహా అన్నారు. అన్నయ్య నెత్తి రుద్దుకుంటూ, మాస్టారు చదువుకున్నవాడ్రా, ఊరికే చెప్పడు అన్నాడు.

మధ్యలో రెండుసార్లు మళ్ళీ చీమలు వచ్చాయి. రెండుసార్లూ అన్నయ్య తనే వచ్చి తల వంచాడు. కొట్టాను, వచ్చింది. అలాంటి అన్న ఎవరికుంటాడు చెప్పండి.

వరినారు అయిపోయింది. ఆ తర్వాత గుమ్మడిపాదు కనిపించింది. మా పెంటదిబ్బ కనిపించింది. దాని పక్కన కోటమ్మ వదిన నిలబడి గింజ నానబెట్టడం గురించి చెబుతోంది. మామూలుగా మాట్లాడినట్టే, చెయ్యి ఊపుతూ, మధ్యలో కొంగు సర్దుకుంటూ. నాగరత్నం నోరు తెరిచింది, మళ్ళీ మూయడం మర్చిపోయింది. అన్నయ్య కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. దెబ్బలవల్లా, సంతోషంవల్లా అనేది నేను అడగలేదు.

"వదినా, నువ్వొచ్చావు. తొందరగా దిగిరా," అని డాబా మీదికి కేకేశాను.

వదిన ఏంటెనాను పక్కన పడేసి రెండేసి మెట్లు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. గుమ్మంలో కాలు పెట్టేసరికి తెరనిండా చీమలు. బొమ్మ లేదు. వదిన నిలబడిపోయింది. నేను అన్నయ్య నెత్తిమీద రెండు వేశాను, రాలేదు. వదిన మళ్ళీ పైకి పరిగెత్తింది. ఏంటెనా ఎత్తి పట్టుకుంది. ఇక్కడ తెరమీద వదిన మళ్ళీ వచ్చి, నీళ్ళు పోయడం గురించి మొదలుపెట్టింది. దిగి రమ్మన్నాం. దిగింది. పోయింది.

మూడోసారికి అన్నయ్యకు విషయం అర్థమైంది. ఇందులో వింతేముందిరా, మనిషి ఇక్కడికొస్తే ఇంక అక్కడెలా ఉంటుంది, ఒక మనిషి ఒక్కచోటే కదా ఉండేది అన్నాడు. వీధివాళ్ళు కూడా అవునన్నారు. అయితే ఏంటెనా నేను పట్టుకుంటాను, వదిన ఇక్కడ కూర్చుని చూసుకుంటుంది అన్నాను. అన్నయ్య నావైపు జాలిగా చూశాడు.

"నువ్వు పట్టుకుంటే అందులో నువ్వొస్తావురా నాంచారయ్యా. నీ మొహం చూసి మేమేం చేసుకోవాలి?" అన్నాడు.

ఆ మాటకు నేను సిగ్గుపడ్డాను. అదీగాక ఏంటెనా వదిన మాట, నాది కాదు. గుమ్మంలో నిలబడి వదిన ఇదంతా వింది. పోనీలేవయ్యా, మీరు చూశారుగా, చాలు అని మెల్లగా అని, మళ్ళీ మెట్లెక్కబోయింది. అలా అనేటప్పుడు ఆమె మొహం చూస్తే మా అందరికీ జాలేసింది. నాగరత్నానికి కూడా. ఆవిడ పీటమీదనుంచి లేచి, వదిన టీవీ దగ్గరకు రాకూడదు గానీ టీవీ వదిన దగ్గరకు పోకూడదని ఎవరన్నారు అంది.

ఆ ముక్క మాకు తట్టనందుకు సిగ్గేసిందిగానీ, సిగ్గుపడటానికి తీరిక లేదు. అన్నయ్య తువ్వాలు తెచ్చి పిల్లను ఎత్తుకోబోయాడు. చెయ్యి వేసేముందు సామ్రాజ్యం ప్లగ్గు తీసేసింది. అన్నయ్య భుజాన వేసుకుని మెట్లెక్కాడు. వెనకాల వైరు చుట్టుకుంటూ నేను, ప్లగ్గు పట్టుకుని సామ్రాజ్యం, పీట పట్టుకుని నాగరత్నం, ఆవిడ వెనకాల వీధివాళ్ళు. డాబా మీద వదిన పడమటి ఎండలో ఏంటెనా నిలబెట్టి పట్టుకుని ఎదురుచూస్తోంది. అన్నయ్య ఆమెకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, టీవీని ఒళ్ళో పెట్టుకుని, అద్దం ఆమె వైపు తిప్పాడు. మూపురం అన్నయ్య పొట్టకు ఆనింది. ప్లగ్గు ఎక్కడ పెట్టాలని నేను అడిగాను. మీ అన్నయ్య చేతులు దానిమీదే ఉన్నాయిగా, ఎక్కడా పెట్టకూడదు అని సామ్రాజ్యం కోప్పడింది. నిజమే.

వదిన తెరలోకి చూసింది. మెడ చాచి ఇంకాస్త దగ్గరగా చూసింది. అన్నయ్య టీవీ వెనక కూర్చున్నాడు కాబట్టి ఆయనకు ఏమీ కనపడదు.

"వచ్చావా?" అని అడిగాడు.

"వచ్చానయ్యా," అంది వదిన.

"ఎట్టా ఉన్నావు?"

వదిన ఒక చెయ్యి వదిలి చెంపమీది జుట్టు వెనక్కి తోసుకుంది. తెరలో వదిన కూడా తోసుకుంది. వదిన నవ్వింది. తెరలో వదిన కూడా నవ్వింది. "బాగానే ఉన్నానయ్యా. నేను నవ్వితే ఒకపక్కే నవ్వుతాను, నీకు తెలుసా?" అంది.

"నాకు తెలుసు," అన్నాడు అన్నయ్య.

రంగులు కాస్త తక్కువగా ఉన్నాయి. అయినా బొమ్మ ఎంత నిలకడగా వచ్చిందో చెప్పలేను. ఒక్క చీమ లేదు. వదిన గుమ్మడిగింజ నానబెట్టడం దగ్గర్నుంచి కాయ కోయడందాకా మొత్తం మళ్ళీ చెప్పింది. తెరలో ఆమె పెదవి కదిలినప్పుడల్లా మాకు మాట వినిపించింది, పక్కన నిలబడి చెప్పినంత స్పష్టంగా. నాగరత్నం రెండు గింజలు ఇమ్మని అడిగింది కూడా. చీకటి పడ్డాక బొమ్మ మెల్లగా మసకబారి పోయింది. కార్యక్రమం అయిపోయిందని చప్పట్లు కొట్టాం. కింద చూసిన దానికంటే పైనే బాగుందని, చాలా ఎక్కువసేపు వేశారని వీధివాళ్ళందరూ ఒప్పుకున్నారు.

ఇప్పుడు మా టీవీ డాబా మీదే ఉంటుంది. ప్లగ్గుతో పనిలేదు, కరెంటు కాలదు. రోజూ సాయంత్రం ఎండ పడమటికి దిగగానే నలుగురం పైకెక్కి చూస్తాం. ఊళ్ళో మిగతావాళ్ళ టీవీల్లో ఎవరెవరో తెలియనివాళ్ళు వస్తారు, మా టీవీలో మావాళ్ళే వస్తారు. అన్నయ్య కూడా ఇప్పుడు ముందుకొచ్చి కూర్చుంటున్నాడు. టీవీకి బాగా అలవాటయ్యాడు, వదిన పక్కన చక్కగా కనపడతాడు.

ఒక్కటే నాకు నచ్చనిది. టీవీలో మా సామ్రాజ్యం పక్కన రోజూ ఒక బట్టతలవాడు వచ్చి కూర్చుంటున్నాడు. నా గడ్డం మంగలి చేస్తాడు కాబట్టి అద్దంతో నాకు పనిలేదు, లేకపోతే నా తల ఎంత నిగనిగలాడుతుందో ఒకసారి చూసుకుని వాడికీ చూపించి సిగ్గు తెప్పించేవాణ్ణి. నిన్న వాడివైపు గుడ్లురిమి చూశాను. వాడూ నావైపు గుడ్లురిమి చూశాడు, కాస్తయినా భయం లేదు. ఎవరి తాలూకో తెలియదుగానీ, మొహం చూస్తే మాత్రం పాపం, తెలివున్న ఇంట్లో పుట్టినవాడిలా లేడు.